పొరుగు ఊరి పన్ను రేటు: థీసిస్‌లో స్పేషియల్ లాగ్ మోడల్‌కు ఇంకా చోటుందా?

పన్నుపద్దు:
ప్రాంతీయ, ప్రభుత్వ ఆర్థికశాస్త్రాల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లు తరచూ ఎత్తుకునే ప్రశ్న ఒకటుంది. పక్క మున్సిపాలిటీ ఆస్తి పన్ను రేటు మారిస్తే ఈ మున్సిపాలిటీ కూడా మారుస్తుందా? చేతిలో 400 మున్సిపాలిటీల 12 ఏళ్ల రేట్లు ఉన్నాయనుకుందాం. పాత దారిలో, అంటే స్పేషియల్ లాగ్ మోడల్‌లో, పొరుగువారి సగటు రేటును సమీకరణంలో కుడివైపు పెట్టి దాని గుణకం 'రో'ను అంచనా వేస్తారు. కొత్త దారిలో, పైప్రభుత్వ సంస్కరణ వల్ల కొందరు పొరుగువారి రేటు బలవంతంగా మారిన సందర్భాన్ని పట్టుకుంటారు. పాత దారిలో వచ్చిన 'రో'ను ప్రధాన ఫలితంగా పెట్టి థీసిస్ సమర్పించకూడదన్నది నా వాదన.

మీ రేటు మీద నాది, నా రేటు మీద మీది ఆధారపడితే రెండూ ఒకేసారి తేలతాయి, ఏది దేన్ని కదిలించిందో విడదీయలేం. దీన్ని దాటడానికి పొరుగువారి ఆదాయం, జనాభా, వయసుల కూర్పును ఇన్‌స్ట్రుమెంట్లుగా వాడతారు, అంటే పొరుగు రేటును కదిలిస్తూ, మన రేటును మాత్రం దాని ద్వారా తప్ప మరో దారిలో తాకని అంశాలుగా. కానీ పక్క ఊళ్లో ఆదాయాలు పెరిగితే ఇక్కడ ఇళ్ల గిరాకీ మారదా? అక్కడికి పనికి వెళ్లొచ్చేవాళ్ల సంఖ్య మారదా? మారిందంటే ఆ ఇన్‌స్ట్రుమెంట్ చెల్లదు. 2012లో స్టీఫెన్ గిబ్బన్స్, హెన్రీ ఓవర్‌మన్ ఈ తరహా మోడళ్ల మీద రాసిన విమర్శలో అసలు పట్టు ఇక్కడే ఉంది.

ఇంకో లెక్క చూడండి. 1993లో ఆన్ కేస్, హార్వే రోజెన్, జేమ్స్ హైన్స్ అమెరికా రాష్ట్రాల మీద చేసిన పనిలో, పొరుగు రాష్ట్రాలు ఒక డాలర్ ఎక్కువ ఖర్చుపెడితే సొంత ఖర్చు 70 సెంట్లకు పైగా పెరుగుతుందని తేలింది. ఆ 0.7ను అలాగే నమ్మితే, అన్ని రాష్ట్రాలకూ ఒకేసారి డాలర్ మేర ఒత్తిడి తగిలినప్పుడు ఖర్చు చివరికి 1/(1−0.7), అంటే 3.3 డాలర్లు పెరగాలి. ఇంత పెద్ద ప్రతిధ్వని నాకు నమ్మబుద్ధి కాదు. అందరికీ ఒకేసారి తగిలిన ఆర్థిక కుదుపులే పొరుగు ప్రభావం వేషం వేసుకొచ్చాయని అనుమానం.

మాత్రిక:
ఇన్‌స్ట్రుమెంట్ల మీద మీరు చెప్పినది ఒప్పుకుంటాను. కానీ సంస్కరణ డిజైన్ దానంతట అది పవిత్రం కాదండీ. మామూలు డిఫ్ ఇన్ డిఫ్‌లో, అంటే సంస్కరణ తగిలినవాటిలో వచ్చిన మార్పును తగలనివాటిలో వచ్చిన మార్పుతో పోల్చే పద్ధతిలో, తగలని మున్సిపాలిటీలను కంట్రోల్‌గా (పోలికకు ఆధారంగా) తీసుకుంటాం. వాటిలో కొన్ని, తగిలినవాటికి పక్కనే ఉంటాయి. పొరుగు ప్రభావం నిజంగా ఉంటే కంట్రోలే కదిలిపోయినట్టు. అంటే 'రో' సున్నా అని మనసులో పెట్టుకుని, ఆ తర్వాత 'రో'ను వెతకబోతున్నాం. స్పేషియల్ మోడల్ కనీసం ఆ ప్రవాహాన్ని కాగితం మీదకు తెస్తుంది.

రెండోది, దీనికన్నా ముఖ్యమైనది. పొరుగును చూసి రేటు మార్చడానికి కనీసం రెండు కారణాలున్నాయి. ఒకటి, పెట్టుబడి, నివాసితులు పక్కకు జారిపోతారన్న భయం. రెండు, ఓటర్లు పక్క ఊరితో పోల్చి మన పాలకులను తూకం వేయడం, అంటే కొలబద్ద పోటీ. పైనుంచి ఆదేశం వచ్చి పక్క ఊరి రేటు పెరిగితే, అక్కడి పాలకుల పనితనం గురించి ఓటర్లకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. కాబట్టి మన పాలకులు స్పందించరు. అక్కడ వచ్చే సున్నా, కొలబద్ద పోటీ లేదని చెప్పే సున్నా కాదు.

సరిహద్దురేఖ:
మాత్రిక గారి రెండో మాట ఈ చర్చకు కీలకం. దానికి ముందు, సంస్కరణ దారిలో ఇన్‌స్ట్రుమెంట్ ఎలా కడతారో కొత్తగా వచ్చినవారి కోసం చెబుతాను. దీనికి మంచి నమూనా ఫిన్లాండ్. అక్కడ 2000లో ఆస్తి పన్నుకు చట్టబద్ధమైన కనీస రేటును పెంచారు. టేము ల్యూతికైనెన్ 2012లో దాన్ని వాడి చూస్తే, మున్సిపాలిటీల మధ్య చెప్పుకోదగ్గ స్పందన కనిపించలేదు. మామూలు స్పేషియల్ పద్ధతులు మాత్రం అదే డేటాలో పోటీ ఉన్నట్టు చూపాయి.

లెక్క ఇలా ఉంటుంది. అంకెలు ఊహించినవి. కొత్త కనీసం 0.50 శాతం. 'అ' అనే ఊరికి ముగ్గురు పొరుగువారు: పాత రేట్లు 0.30, 0.45, 0.60. వాళ్ల మీద పడిన బలవంతపు పెంపు వరుసగా 0.20, 0.05, 0. సగటు 0.083 పర్సెంటేజీ పాయింట్లు. ఇదే 'అ'కు ఇన్‌స్ట్రుమెంట్. దీనితో పాటు 'అ' మీద పడిన సొంత బలవంతపు పెంపును, 'అ' పాత రేటును తప్పకుండా కంట్రోల్ చేయాలి, అంటే సమీకరణంలో చేర్చాలి. ఈ రెండూ వదిలేయడమే ఎక్కువగా జరిగే తప్పు. తక్కువ రేటు ఊళ్లు గుంపులుగా ఉంటాయి. కాబట్టి పొరుగువారి మీద పెంపు ఎక్కువ పడిందంటే, 'అ' కూడా తక్కువ రేటు ఊరే అయ్యుంటుంది. అది కనీసానికి ఎక్కడమూ, సగటువైపు తనంతట తాను జరగడమూ పొరుగు ప్రభావంలా కనిపిస్తాయి.

ఆ తర్వాత సంస్కరణకు మూడేళ్ల ముందు మార్పుల మీద ఇదే ఇన్‌స్ట్రుమెంట్‌ను నడపండి. అక్కడ కూడా గుణకం వస్తే డిజైన్ చెడినట్టే. కంట్రోల్ కలుషితం అవుతుందన్న మాటకు, దూరాన్ని వలయాలుగా కోసి చూడటం ఒక మందు: 0–10, 10–25, 25–50 కిలోమీటర్లు. ఆపై ఉన్నవే కంట్రోల్.

డేటాగది:
రెండు పక్షాలూ డేటా దగ్గరే కాలుజారుతున్నాయి. మొదట ఆస్తి విలువల పునర్మదింపు. ఒక జిల్లా మొత్తానికి ఒకే ఏడాది విలువలు సవరిస్తే, రాబడి అంతే ఉంచడానికి ఊళ్లన్నీ రేటు తగ్గిస్తాయి. విలువ 40 శాతం పెరిగితే రాబడి మారకుండా 0.70 రేటు 0.50కి దిగుతుంది. పొరుగువాళ్లూ అదే ఏడాది దిగుతారు. 'రో' గట్టిగా వస్తుంది, అందులో పోటీ రవ్వంత కూడా ఉండదు. చట్టంలోని రేటుతో పాటు, మార్కెట్ విలువ మీద నిజంగా పడే భారాన్ని కూడా లెక్కకట్టి రెండింటితో ఫలితాలు చూపాలి. ఒకేసారి పునర్మదింపు జరిగిన ఊళ్ల గుంపు వారీగా ఏడాది ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ వేయాలి, అంటే ఆ గుంపు మొత్తానికి ఆ ఏడాది ఉమ్మడిగా వచ్చిన మార్పును తీసేయాలి.

ఇక పొరుగు మాత్రిక, అంటే ఏ ఊరికి ఏది ఎంత పొరుగో చెప్పే అంకెల పట్టిక. అక్షాంశ రేఖాంశాల డిగ్రీలనే దూరంగా వాడేసిన ఫైళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 111 కిలోమీటర్లు, 60వ అక్షాంశం దగ్గర అందులో సగం. ఉత్తరాన ఉన్న దేశానికి అలా చేస్తే తూర్పు పడమరల పొరుగువారు జాబితాలోంచి రాలిపోతారు, ఉత్తర దక్షిణాలవాళ్లు ఎక్కువైపోతారు. ముందు మీటర్లలోకి ప్రొజెక్షన్ మార్చండి. సరిహద్దు ఆనుకోవడమే పొరుగుతనం అనుకుంటే ద్వీపాలకు పొరుగువారే ఉండరు, ఆ వరుస మొత్తం సున్నాలు. కొన్ని ప్యాకేజీలు చెప్పాపెట్టకుండా వాటి పొరుగు సగటును సున్నా రేటుగా తీసుకుంటాయి. మధ్యలో విలీనమైన మున్సిపాలిటీలను చివరి ఏడాది హద్దులకు తెచ్చేటప్పుడు రేట్లకు మామూలు సగటు కాక, పన్ను వేసే ఆస్తి విలువతో భారిత సగటు తీయాలి.

మాత్రిక:
పునర్మదింపు సంగతి నా పక్షానికి గట్టి దెబ్బే, కాదనను. స్పేషియల్ లాగ్ వాడేవాళ్లు ఒక పరీక్ష తప్పనిసరిగా చేయాలని నేనూ అంటాను. దూరంగా ఉండి ఆదాయం, జనాభాలో పోలిన ఊళ్లతో అబద్ధపు పొరుగు మాత్రిక కట్టండి. అందులోనూ 'రో' అంతే వస్తే, మీరు పట్టుకున్నది ఉమ్మడి కుదుపే. ఇంకొకటి: 'రో' ఉన్న మోడల్‌లో బీటాను (ఆదాయం, జనాభా లాంటి మిగతా అంశాల గుణకాన్ని) నేరుగా ప్రభావంగా రాయకూడదు. సొంత ఊరి మీద పడే ప్రత్యక్ష ప్రభావం, పొరుగు ఊళ్ల ద్వారా తిరిగొచ్చే పరోక్ష ప్రభావం విడిగా లెక్కించాలి. జేమ్స్ లెసేజ్, కెల్లీ పేస్ దీన్ని 2009లోనే విడమరిచి చెప్పినా, బీటా పట్టికతోనే ఆగిపోయే చాప్టర్లు ఇంకా వస్తున్నాయి.

అయినా నా ప్రశ్నకు జవాబు రాలేదు. కొలబద్ద పోటీని సంస్కరణతో ఎలా పట్టుకుంటారు?

పన్నుపద్దు:
ఆ సంస్కరణతో పట్టుకోలేమండీ. ఆ సున్నా పన్ను ఆధారం (పెట్టుబడి, నివాసితులు) కోసం జరిగే పోటీకి మాత్రమే వర్తిస్తుందని థీసిస్‌లోనే రాయాలి. అది కూడా కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంచనాకు ఉన్న అనిశ్చితి హద్దులు) చూపించాకే. సున్నా చుట్టూ −0.1 నుంచి 0.1 దాకా ఉంటే అది ఫలితం. −0.5 నుంచి 0.5 దాకా ఉంటే డేటా ఏమీ చెప్పలేదని అర్థం. ఆ హద్దులను తేల్చే ప్రామాణిక దోషాలు కూడా పొరుగు ఊళ్ల మధ్య సంబంధాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఫలానా దూరం లోపలి ఊళ్లకు సంబంధం ఉందనుకునే టిమ్ కాన్లీ పద్ధతిలో 25, 50, 100 కిలోమీటర్ల కటాఫ్‌లు మూడూ వేసి చూపడం మంచిది.

కొలబద్ద పోటీకి డిజైన్ వేరు. మళ్లీ పోటీచేయడానికి చట్టం ఒప్పుకోని పాలకులను, ఒప్పుకునే పాలకులను పక్కపక్కన పెట్టాలి. ఓటరు తూకానికి భయపడి రేటు మారుస్తుంటే, మళ్లీ గెలవాల్సిన అవసరం లేనివాళ్లలో స్పందన తగ్గాలి. 1995లో టిమ్ బెస్లీ, ఆన్ కేస్ అమెరికా గవర్నర్లను ఇలాగే చూశారు.

మాత్రిక:
అక్కడా పొరుగు పన్ను మార్పు కుడివైపే ఉంటుంది, అదే ఇన్‌స్ట్రుమెంట్ సమస్యతో సహా.

పన్నుపద్దు:
ఉంటుంది. కానీ ఉమ్మడి కుదుపు ఇద్దరు పాలకులకూ ఒకేలా తగులుతుంది కాబట్టి, తేడాలో చాలావరకు కొట్టుకుపోతుంది. మిగిలేది, పదవీకాలం ముగిసేవాళ్లు వేరే కారణాలతో వేరుగా ప్రవర్తించే అవకాశం. దాన్ని ఖర్చుల వైపు డేటాతో విడిగా పరీక్షించాలి.

సరిహద్దురేఖ:
అయితే చాప్టర్ల వరుస తేలినట్టే. మొదటి చాప్టర్‌లో రేట్లు ఏ నెలలో ఆమోదమవుతాయి, అప్పటికి పొరుగు రేటు తెలుస్తుందా, పునర్మదింపు ఎప్పుడు జరుగుతుంది అన్న వివరాలు, స్పేషియల్ లాగ్‌ను వర్ణనగా చూపే పట్టిక. రెండోది సంస్కరణ. మూడోది పదవీకాలం. రేటు తీర్మానాలన్నీ ఒకే నెలలో జరిగే చోట పొరుగు రేటును ఒక ఏడాది వెనక్కి జరపాలి. అయితే వెనక్కి జరిపినంత మాత్రాన ఎండోజెనిటీ, అంటే పొరుగు రేటు మోడల్‌లో లేని కారణాలతో ముడిపడి ఉండటం, పోదు. ఆ లేని కారణాలు ఏడాది నుంచి ఏడాదికి అంటుకుని వస్తుంటే పాత రేటూ అంతే కలుషితం.

మాత్రిక:
మొదటి చాప్టర్‌లో అబద్ధపు పొరుగు మాత్రిక ఫలితం కూడా అదే పట్టికలో, పక్క కాలమ్‌లో ఉండాలి. అనుబంధంలోకి తోసేస్తే ఒప్పుకోను.