మూడు తరాల నవల: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. మొదటిసారి నవల రాస్తున్నా. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు కృష్ణ ఒడ్డు ఊళ్లను ముంచినప్పుడు ఇల్లు వదిలిన తాత, కూలీలను దూరం పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పోయిన కొడుకు, ఇప్పుడు హైదరాబాద్‌లో చదువుతున్న మనవరాలు.

వరుసగా రాస్తూ పోతే ఎనిమిది అధ్యాయాలు బాగానే నడిచాయి. తాత చనిపోగానే కథ చప్పబడింది. కొడుకు వలసంతా సమాచారంలా ఉంది, మనిషి కనిపించడం లేదు.

నా దగ్గర గట్టిగా ఉన్న సీను ఒక్కటే. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే మునిగిన ఊరి పునాదులు బయటపడతాయి. ఒక ముసలామె పగుళ్లిచ్చిన ఒండ్రులో నడుస్తూ, తన ఇంటి గడపరాయి కోసం కాలితో తడుముతుంది. మా నాయనమ్మ అట్లా వెతకడం నేను కళ్లారా చూశాను. అందుకే దీన్ని పాడుచేయాలని లేదు.

దీన్నే మొదట పెట్టి వెనక్కి వెళ్లాలా, చివరిదాకా దాచాలా? మొదటే పెడితే ఊరు మునుగుతుందని ముందే తెలిసిపోయి టెన్షన్ తగ్గదా? కథంతా మనవరాలే చెప్తే, ఆమె పుట్టకముందు సంగతులు ఆమె నోట ఎట్లా పలికించాలి? ఇట్లాంటివి రాసినవాళ్లు ముందే ఎంతవరకు ప్లాన్ వేసుకున్నారో చెప్పండి, ప్లీజ్.