అప్‌డేట్: మెర్జ్ తర్వాత డీకమిట్ కొడితే ట్రంక్‌కి బదులు బ్రాంచ్‌లో పడే గొడవ తేలింది

కిందటి నెల ఈ గొడవ గురించి ఇక్కడ అడిగింది నేనే. కోడ్ మార్పులు దాచడానికి క్లయింట్ వైపు ఇంకా సబ్‌వెర్షనే (ఎస్‌వీఎన్), నేను మాత్రం గిట్‌లో పనిచేసి దానికి పంపే గిట్-ఎస్‌వీఎన్ వాడతాను. ట్రంక్‌లోకి (అసలు కోడ్ లైన్) బ్రాంచ్‌ని (దాన్నుంచి విడదీసిన పక్క లైన్) మెర్జ్ చేసి, అంటే కలిపి, పైన రెండు కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) పెట్టి డీకమిట్ (వాటిని సబ్‌వెర్షన్‌కి పంపే కమాండ్) కొడితే అవి ఒక్కోసారి వెళ్లి బ్రాంచ్‌లో పడేవి. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

కారణం ఫాస్ట్-ఫార్వర్డ్. బ్రాంచ్ విడదీశాక ట్రంక్‌లో ఎవరూ ఏమీ కమిట్ చేయకపోతే, రెండింటినీ కలిపే మెర్జ్ కమిట్‌ని గిట్ విడిగా పెట్టదు, ట్రంక్‌ని తీసుకెళ్లి బ్రాంచ్ కొన మీద కూర్చోబెడుతుంది. డీకమిట్ ఎక్కడికి పంపాలో చూసేది హిస్టరీలో చివరి గిట్-ఎస్‌వీఎన్-ఐడీ లైన్ (కమిట్ సబ్‌వెర్షన్‌లో ఎక్కడిదో దాని మెసేజ్‌లో చెప్పేది), అక్కడేమో బ్రాంచ్ అడ్రస్ ఉంది! అందుకే ట్రంక్ నిద్రపోయిన వారాల్లోనే ఇలా జరిగేది, నేనేమో దెయ్యం పట్టిందనుకున్నా.

ఇక్కడ ఒకరు చెప్పిన --నో-ఎఫ్ఎఫ్ (ఫాస్ట్-ఫార్వర్డ్ వద్దు, మెర్జ్ కమిట్ పెట్టు అని చెప్పే ఆప్షన్) పనిచేసింది. రుషికొండ ఆఫీసులో మా సీనియర్ అన్న పక్కన కూర్చుని ఇంకోటి అలవాటు చేశాడు, ముందు డీకమిట్ --డ్రై-రన్ (నిజంగా పంపకుండా ఏం పంపుతుందో చూపేది), అందులో ట్రంక్ అడ్రస్ కనిపిస్తేనే అసలుది. మెర్జ్ వివరాలు సబ్‌వెర్షన్‌లో కూడా రాయించే ఎస్‌వీఎన్.పుష్‌మెర్జ్‌ఇన్ఫో సెట్టింగ్ కూడా ట్రూ పెట్టాం, కాకపోతే బ్రాంచ్‌ని ముందే డీకమిట్ చేసి ఉండాలి. ట్రంక్‌లో మెర్జ్ మొత్తం ఒకే రివిజన్‌గా (ఒకే మార్పుగా) కనిపిస్తుంది, దానికి క్లయింట్‌ వాళ్లు కొంచెం గొణిగారు.

నేను మొదట అనుమానించిన లైన్ ఎండింగ్స్‌కీ (లైన్ చివర కనిపించని గుర్తులు), గిట్ వెర్షన్‌కీ దీనితో సంబంధం లేదు. వాటి మీద ఒక శనివారం, బీచ్ ప్రోగ్రామ్ రెండూ పోయాయి.