నాలుగో తరగతి సత్యోపదేశం: రంగులేసే కాగితాలు కాకుండా ఏడాది పొడవునా ఏం చేయించవచ్చు?

తరగతి_4బి

అందరికీ వందనాలు. కతోలిక పాఠశాలలో నాలుగో తరగతికి సత్యోపదేశం (కతోలిక విశ్వాస పాఠాలు) చెప్పాలి. వారానికి మూడు పీరియడ్లు, ఒక్కోటి 35 నిమిషాలు. పిల్లలు 40 మంది. ఇంటర్నెట్‌లో దొరికేవన్నీ రంగులేసే బొమ్మలు, ఖాళీలు పూరించే కాగితాలు. పది నిమిషాల్లో అయిపోతాయి, మర్నాటికి ఏమీ గుర్తుండదు.

ఆగమన కాలంతో (క్రిస్మస్‌కు ముందుండే సిద్ధపాటు కాలం) మొదలై ఏడాదంతా సాగే పని ఏదైనా ఉందా? "ఈ కథలో నీతి ఏమిటి" అని అడగకుండా బైబిలు చదివించడం ఎలా? ఇంకో విషయం, క్లాసులో మూడో వంతు మంది కతోలికులు కారు. ప్రార్థన వేళ వాళ్లతో ఎలా నడుచుకోవాలి? టీచరుగా నేను ముందు చదువుకోవాల్సినవి కూడా చెప్పండి. కొనాల్సిన సామాను తక్కువైతే మేలు.

కాలచక్రం

టీచర్ గారూ, ఏడాదంతా సాగే పనికి దైవార్చన కాలచక్రాన్ని, అంటే ఒక్కో కాలానికి ఒక్కో రంగు ఉండే కతోలిక ఆరాధనా సంవత్సరాన్ని, మించింది లేదు. గోడ మీద చక్రం, దాని కింద చిన్న ప్రార్థన బల్ల. ఈ రెండూ నిలబడితే మిగతా పాఠాలు వాటిని పట్టుకునే నడుస్తాయి.

చక్రం గీసేటప్పుడు అందరూ తడబడేది వారానికొకటి చొప్పున వేసే 52 భాగాల దగ్గర. 360ని 52తో భాగిస్తే సమంగా తెగదు. కోణమానినితో గీస్తే చివరి భాగం కురచగా మిగులుతుంది. దీనికి బదులు 16.6 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, కాగితాన్ని నాలుగు పావులుగా మడవండి. ఒక్కో పావు అంచు సుమారు 26 సెం.మీ. ఉంటుంది. వృత్తలేఖినిని 2 సెం.మీ.కు తెరిచి పావుకు 13 భాగాలు గుర్తు పెట్టండి. కాస్త తేడా వచ్చినా ఆ పావులోనే ఆగిపోతుంది. వెనక బెంచీకి కూడా కనబడాలంటే వ్యాసార్ధం 24.8 సెం.మీ., గుర్తుకు గుర్తుకు మధ్య 3 సెం.మీ.

రంగులు మాత్రం నేరుగా చక్రం మీద వేయించకండి. పాస్కా పండుగ (ఈస్టర్) మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి దానితోపాటు తపస్సు కాలమూ (పాస్కాకు ముందుండే ఉపవాస కాలం) ఏటా ముందుకో వెనక్కో జరుగుతుంది. విడి కాగితపు ముక్కలకు రంగు వేయించి, ఊడదీయడానికి వీలుగా గుండుసూదులతో గుచ్చితే అదే చక్రం మళ్లీ ఏడాదికీ పనికొస్తుంది. పిల్లవాడికొక ముక్క చొప్పున ఇచ్చి, మిగిలిన 12 ముందుగా ముగించిన వాళ్లకివ్వండి.

2026 నవంబర్ 29న మొదలయ్యే సంవత్సరానికి ముక్కల లెక్క: ఊదా 7 (ఆగమన కాలంలో 3, తపస్సు కాలంలో 4), గులాబీ 2 (ఆగమన కాలపు మూడో ఆదివారం, తపస్సు కాలపు నాలుగో ఆదివారం), ఎరుపు 2 (మ్రానికొమ్మల ఆదివారం, పెంతెకోస్తు), తెలుపు 14, ఆకుపచ్చ 27. తెలుపులో క్రిస్మస్ కాలానివి 3, పాస్కా కాలానివి 7, ఆపైన త్రిత్వం, దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం), క్రీస్తు రాజు పండుగలు. పద్నాలుగోది ఆగస్టు 15. 2027లో అది ఆదివారం వస్తుంది గనక సామాన్య కాలం (ఆకుపచ్చ వారాలు) మధ్యలో మరియమాత మోక్షారోపణ పండుగ తెల్లగా మెరుస్తుంది. పచ్చదనం మధ్య ఆ తెలుపు ఎందుకొచ్చిందని పిల్లలే అడుగుతారు. అడిగేదాకా మీరు చెప్పకండి. దివ్యసత్ప్రసాద పండుగను గురువారమే జరిపే చోట మాత్రం ఆ ముక్క ఆకుపచ్చే అవుతుంది. మీ మేత్రాసనం (బిషప్పు పరిధిలోని ప్రాంతం) క్యాలెండరు ఒకసారి చూసుకోండి. ఇంకో మెలిక, అప్పుడప్పుడు 53 ఆదివారాల సంవత్సరం వస్తుంది. 2022 నవంబర్ 27న మొదలైనది అలాంటిదే.

చక్రం మీద ఏ వారంలో ఉన్నామో చూపే బాణం గుర్తును సోమవారం ఒక పిల్లవాడు ముందుకు జరపాలి. రంగు మారిన వారం బల్లగుడ్డ మార్చాలి. ఒకరు గుడ్డ, ఒకరు సిలువ, ఒకరు బైబిలు పట్టుకుని మౌనంగా నడిచివచ్చి పెడతారు. బల్ల మీద ఆ మూడూ, ఒక దీపమూ చాలు. తరగతిలో మంట పెట్టకూడదనే నియమం ఉంటే బ్యాటరీ దీపం పెట్టండి. రెండు నెలల్లో బల్ల నిండా స్వరూపాలు, ప్లాస్టిక్ పూలు, బహుమతి కార్డులు చేరిపోతాయి. అప్పుడు పిల్లల చూపు దేని మీదా నిలవదు. చేరినవి చేరినట్టే తీసేయండి.

ఆగమన కాలం 22 నుంచి 28 రోజుల మధ్య ఎంతైనా ఉండవచ్చు. డిసెంబర్ 1న మొదలయ్యే 24 గళ్ల క్యాలెండర్లు అందుకే దానితో పొసగవు. 2026లో నవంబర్ 29 నుంచి డిసెంబర్ 24 వరకు 26 రోజులు. కాగితపు గొలుసు కట్టి 26 కొక్కేలు పెట్టించండి, రోజుకొకటి తెంపాలి. సెలవుల్లో పడే కొక్కేలను ముందే కత్తిరించి పిల్లల చేత ఇంటికి పంపాలి, లేకపోతే గొలుసు సగంలోనే వేలాడుతుంది.

వాక్యధ్యానం

బైబిలు చదివించడం గురించి నేను చెప్తాను. శుక్రవారం పీరియడుకు రాబోయే ఆదివారపు సువిశేషాన్ని (పూజలో చదివే యేసు జీవిత ఘట్టం) తీసుకోండి. శుక్రవారం విన్న మాటే ఆదివారం దివ్యపూజలో మళ్లీ వినపడితే పిల్లవాడు తలెత్తి చూస్తాడు. పూజ అయ్యాక వచ్చే సోమవారం చదివిస్తే ఆ లాభం ఉండదు. ఆదివారపు పఠనాలు మూడేళ్లకోసారి తిరుగుతాయి. ‘ఎ’ (A) సంవత్సరంలో మత్తయి, ‘బి’ లో మార్కు, ‘సి’ లో లూకా. 2026 ఆగమన కాలంతో బి సంవత్సరం మొదలవుతుంది.

ఈ వయసుకు ఎనిమిది వచనాలు మించకూడదు. పొడవైన భాగమైతే ఒక ఘట్టమే తీసుకోండి. గుడ్డి బర్తిమయి ఉదంతం (మార్కు 10:46-52) సరిగ్గా ఏడు వచనాలు, 2027 అక్టోబర్ 24న అదే సువిశేషం. దాన్నే తీసుకుని చూద్దాం. మొదట టీచరు మెల్లగా చదవాలి, పిల్లలు పుస్తకం తెరవకూడదు. "మీకు ఏ శబ్దాలు వినపడ్డాయి?" అని అడగండి. గుంపు, కేక, కసురు, యేసు పిలుపు, అన్నీ వాళ్ల నోటే వస్తాయి. రెండోసారి ఒక పిల్లవాడు చదువుతాడు. ఈసారి ప్రశ్న: "ఏ మాట దగ్గర మీ మనసు ఆగింది?" ఒక్క మాట చెబితే చాలు, ఎందుకో చెప్పనక్కర్లేదు. తర్వాత మౌనం. "నీకోసం నేనేమి చేయగోరుచున్నావు?" అన్న యేసు ప్రశ్నకు ఎవరి జవాబు వాళ్లు మనసులోనే చెప్పుకుంటారు. చివర రెండు నిమిషాల్లో బొమ్మో, వాక్యమో నోటుపుస్తకంలో. మొత్తం 15 నిమిషాలు.

మౌనాన్ని మొదటి వారం 20 సెకన్లతో మొదలుపెట్టి, వారానికి పది సెకన్ల చొప్పున పెంచండి. తొలిరోజే రెండు నిమిషాలు పెడితే నవ్వులు మొదలవుతాయి, ఆ నవ్వు ఇక ఏడాదంతా వదలదు. గంట మోగించి మొదలుపెట్టి గంటతోనే ముగించండి. "నిశ్శబ్దం!" అని టీచరు అరిస్తే ఆ మౌనం శిక్షలా తోస్తుంది.

నోటుపుస్తకంలో రాసినదాన్ని దిద్దకండి. అక్షరదోషాలు కూడా వదిలేయండి. ఎర్ర సిరా పడిన మరుక్షణం పిల్లలు ప్రార్థన మానేసి టీచరుకు నచ్చే వాక్యాలు రాయడం మొదలుపెడతారు.

పిల్లలు ప్రార్థన కోరికలను చీటీల మీద రాసి వేసే విన్నపాల పెట్టె పెట్టే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. చీటీలను ముందు మీరు చదవకుండా క్లాసులో చదివించవద్దు. "నాన్న రాత్రి అమ్మను కొట్టాడు" లాంటివి వస్తాయి. అలాంటి చీటీ వస్తే ప్రార్థించి ఊరుకోకూడదు, అదే రోజు పాఠశాలలో బాలల రక్షణ చూసే వారికి చెప్పాలి. "చీటీ టీచరు ఒక్కరే చదువుతారు, ఎవరికైనా ప్రమాదం ఉంటే సాయం చేసే పెద్దవాళ్లకు చెబుతారు" అని పిల్లలకు మొదటిరోజే తెలియాలి.

పాఠశాల_గురువు

కతోలికులు కాని పిల్లల సంగతి. ఇది మర్యాద కోసం చేసే సర్దుబాటు కాదు, శ్రీసభ (కతోలిక సంఘం) బోధనే. విశ్వాసాన్ని స్వీకరించమని ఎవరినీ వారి మనస్సాక్షికి విరుద్ధంగా బలవంతపెట్టకూడదని 1983 శ్రీసభ ధర్మశాస్త్రం 748వ సూత్రం చెబుతుంది. కతోలిక పాఠశాలలో మతబోధ వేరు, విశ్వాసంలో పెంచే సత్యోపదేశం వేరు అని 1988 వాటికన్ పత్రం స్పష్టంగా విడదీసింది. మీరు ముందు చదువుకోవాల్సింది అదే. దాని తర్వాత పాఠశాల గుర్తింపు, సంభాషణల గురించి 2022లో వచ్చిన పత్రం. రెండూ వాటికన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1992 సత్యోపదేశ గ్రంథంలో నాలుగో భాగం మొత్తం ప్రార్థన గురించే, టీచరుకు అది పెద్ద ఆసరా.

ఆచరణలో ఇది ఎక్కువగా మాటతీరులో కనబడుతుంది. "అందరూ సిలువ గుర్తు వేయండి" అనకుండా "కతోలికులు ఇప్పుడు సిలువ గుర్తు వేసుకుంటారు, మిగతావాళ్లు నిశ్శబ్దంగా కూర్చోవచ్చు" అనండి. "మనం నమ్ముతాం" బదులు "కతోలికులు నమ్ముతారు". అయితే వాళ్లను వెనక బెంచీకి పంపకండి. బాణం జరపడం, గంట మోగించడం, ఇష్టపడితే వాక్యం చదవడం ఎవరైనా చేయవచ్చు. పరీక్షలో మార్కులు తెలిసినదానికే. "యేసు నీకు ఎవరు?" లాంటి ప్రశ్నకు మార్కులు పెట్టకూడదు, కతోలిక పిల్లలకైనా సరే.

దివ్యసత్ప్రసాదం పాఠానికి బిస్కెట్లు పంచి పూజ నటింపజేయడం, ఉత్తుత్తి పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయించడం వద్దు. చిన్నపిల్లలకు ఆటకూ సంస్కారానికీ తేడా చెరిగిపోతుంది. పూజపాత్రలు చూపించి వాటి పేర్లు, ఉపయోగం చెప్పండి, చాలు.

తరగతి_4బి

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. చక్రంలో తపస్సు కాలానికి ఆరు ముక్కలే. నలభై రోజులు ఎక్కడ చూపించాలి? అలాగే దానాల డబ్బా పెట్టమంటున్నారు, పెట్టవచ్చా?

కాలచక్రం

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి పాస్కాకు ముందు రోజైన పవిత్ర శనివారం వరకు 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు ప్రభువు పునరుత్థాన దినాలు కాబట్టి ఉపవాసపు లెక్కలోకి రావు, మిగిలేవి 40. చక్రం పక్కన 46 చుక్కల వరుస గీయించి, ఆరు చుక్కలను పెద్దవిగా పెట్టించండి. 2027లో మొదటి చుక్క ఫిబ్రవరి 10.

డబ్బా పెట్టవచ్చు, కానీ ఎవరు ఎంత వేశారో కనబడకూడదు. గాజు సీసా వద్దు, పేర్ల పట్టిక అసలే వద్దు. ఎవరి ఇంటి స్థోమత ఎంతో అందరి ముందూ బయటపడుతుంది, పైగా మత్తయి 6:3లో ప్రభువు చెప్పినదానికి అది సరిగ్గా ఎదురు. మూత ఉన్న మట్టి పాత్ర పెట్టండి. డబ్బు వేయలేని పిల్లవాడు చేసిన మేలును చీటీ మీద పేరు లేకుండా రాసి అందులోనే వేయవచ్చు. చీటీలను పవిత్ర గురువారానికి ముందు చివరి పీరియడులో విప్పకుండానే ప్రార్థన బల్ల మీద పెట్టించండి. డబ్బు ఎవరికి వెళ్లిందో మాత్రం పాస్కా తర్వాత మొదటి వారంలోనే పిల్లలకు వివరంగా చెప్పాలి.