పుస్తకాల్లో దొరకని ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలి? కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు అమెరికా టీముతో పని, రోజూ రాత్రి కాల్స్. మెయిల్ రాయమంటే తప్పుల్లేకుండా రాస్తాను. వాళ్లు మామూలుగా మాట్లాడుకునే మాటల దగ్గరే ఆగిపోతున్నాను.

మొన్న పరిచయం చేసుకోమంటే 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అన్నాను. అవతల రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ నెమ్మదిగా, ఇప్పుడు ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు. పాస్ అవుట్ అంటే వాళ్లకి స్పృహ తప్పి పడిపోవడమట! చదువు పూర్తయిందనడానికి 'గ్రాడ్యుయేటెడ్' అనాలట. మన కాలేజీల్లో లెక్చరర్లతో సహా అందరూ అనే మాటే కదా అది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పుట్ తెలుసు, ఆఫ్ తెలుసు. కానీ పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే మంట ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. మనకీ బయటపడటం, వెనకబడటం, తిరగబడటం ఉన్నాయి, నిజమే. అవి ఎవరూ బట్టీ పట్టలేదు, వింటూ వింటూ వచ్చేశాయి. నేనేమో లెనిన్ సెంటర్లో ఇలాంటి మాటల జాబితాలున్న పాత పుస్తకం ఒకటి కొని, ఇరవై మాటలు చదివేసరికి మొదటి పది మర్చిపోతున్నాను.

జాబితాలు వదిలేసి వినడం మీదే పడాలా? స్లాంగులో ఆఫీసులో అనదగ్గదేదో, అనకూడనిదేదో మీకెలా తెలిసింది? బెజవాడలోగానీ గుంటూరులోగానీ ఆదివారాలు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లుంటే చెప్పండి, నేనూ వస్తాను.