బోడెన్‌జే చుట్టూ అమ్మానాన్నలతో: కాన్‌స్టాంజా, లిండావా?

నెక్కర్_గట్టు
జూన్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి స్టుట్‌గార్ట్ వస్తున్నారు. ఒక శని, ఆదివారాలు బోడెన్‌జే తీసుకెళ్దామని ఉంది, అదే జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కలిసే చోటున్న పెద్ద సరస్సు. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, కోటలూ పాత చర్చిలూ కనిపిస్తే అన్నం కూడా గుర్తురాదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారం. రాత్రి బస ఒడ్డునున్న ఊళ్ళలో కాన్‌స్టాంజ్‌లోనా, లిండావ్‌లోనా? సరస్సంతా చుట్టేసి మూడు దేశాలూ చూపించాలని నా ఆశ.

గోదారోడు
చుట్టేసే మాట మర్చిపో తమ్ముడూ. ఒడ్డు వెంట సైకిల్ దారే దాదాపు 260 కిలోమీటర్లు. కారులో తిరిగితే నీళ్ళకంటే మన ముందున్న బండి వెనకభాగమే ఎక్కువ కనిపిస్తుంది.

సోషల్ మాస్టారంటున్నావు కాబట్టి కాన్‌స్టాంజే. 1414 నుంచి 1418 దాకా క్రైస్తవ మహాసభ జరిగిన ఊరు. అప్పటికి నేనే పోపునంటే నేనే పోపునని ముగ్గురు. ఆ తగవు తెంచి 1417లో ఐదో మార్టిన్‌ని ఎన్నుకున్న భవనం రేవు పక్కనే ఉంది, అసలది సరుకుల గిడ్డంగి. చర్చి తప్పుల్ని ఎత్తిచూపిన చెక్ మతబోధకుడు యాన్ హుస్‌కి సిగిస్ముండ్ రాజు అభయమిచ్చి రప్పిస్తే, 1415లో ఇదే ఊళ్ళో కాల్చేశారు. రేవులో మెల్లగా తిరుగుతుండే ఇంపీరియా విగ్రహం ఆ సభ మీద వెటకారమే: 9 మీటర్ల వేశ్య, రెండు చేతుల్లో ఇద్దరు బక్క మనుషులు, ఒకడికి పోపు కిరీటం, ఇంకొకడికి చక్రవర్తి కిరీటం, ఒంటిమీద బట్టల్లేవు. అమ్మగారికి ఏం చెప్పాలో ముందే ఆలోచించి పెట్టుకో.

ఓరుగల్లు_పోరడు
నేనైతె లిండావ్ అంట. ద్వీపం మీద పాత ఊరు, నడక తక్కువ, స్టేషన్ దిగంగనే రేవు. ఒక దిక్కు బవేరియా సింహం, ఇంకో దిక్కు లైట్‌హౌస్, రెండూ 1856 నాటివి. ఒక్కటి యాద్ పెట్టుకో: పెద్ద రైళ్ళు ఇప్పుడు రాయ్‌టిన్ స్టేషన్‌ల ఆగుతయి, మీరు ఇన్సెల్ అని రాసున్న కాడ దిగాలె. ఆడికెల్లి ఆస్ట్రియాల బ్రెగెంజ్ శాన దగ్గర. ఫేండర్ కొండకు కేబుల్ కారుంది, 1064 మీటర్లు. మబ్బు లేకపోతె మూడు దేశాలు కూసున్న కాడ్నే కనవడ్తయి. అమ్మకు గంతకంటె ఏం గావాలె?

గోదారోడు
మబ్బు లేకపోతే అన్నావు చూడు, అదీ అసలు సంగతి. జూన్‌లో ఎండ కాసినా మసక పొగలా ఉండి ఆల్ప్స్ కనపడని రోజులుంటాయి.

పాలకూర_పప్పు
మేర్స్‌బుర్గ్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? కాన్‌స్టాంజ్ నుంచి కారు ఫెర్రీలో పావుగంట, రాత్రీపగలూ నడుస్తుంది. మోకాళ్ళ నొప్పులుంటే కింది ఊరి నుంచి ఎక్కించకండి, రాళ్ళు పరిచిన నిట్టనిలువు దారి. కారుంటే పైఊళ్ళోనే ఆపుకోవచ్చు, కోటలు రెండూ అక్కడే. పాత కోట లోపల మాత్రం మెట్లే మెట్లు. నాన్నగారిని లోపలికి పంపేసి, అమ్మగారూ మీరూ బయట నీళ్ళవైపు కాఫీ తాగండి.

ఇంకోటి, రైషెనావ్ ద్వీపం. మైనావ్ ద్వీపంలోని పూలతోటకి అందరూ ఎగబడతారు, టిక్కెట్టు బరువే, పూలు మాత్రం నిజంగా బాగుంటాయి. కానీ నన్నడిగితే రైషెనావ్‌కే ఓటు. 724లో మఠం పెట్టారు, 2000లో యునెస్కో జాబితాలో చేరింది. చర్చి చుట్టూ కూరగాయల మళ్ళు, గాజు పందిళ్ళు. సెయింట్ జార్జ్ చర్చిలో వెయ్యేళ్ళ గోడ బొమ్మలున్నాయి. జనం ఊపిరి తేమకి రంగులు పాడవుతాయని వేసవిలో గైడుతో తప్ప లోపలికి వదలరు, వేళలు ముందే చూసుకోండి.

నెక్కర్_గట్టు
అక్కా, తిండి?

పాలకూర_పప్పు
దిన్నెలె అని పల్చటి రొట్టె, పైన మీగడ పూసి కాలుస్తారు. మామూలుగా బేకన్ వేసేస్తారు, వద్దని గట్టిగా చెప్పండి. కేజ్‌ష్పెట్స్‌లె (చీజ్ వేసిన నూడుల్స్ లాంటిది) కూడా అడిగి తీసుకోండి, పైన పడేది ఉల్లిపాయే అయ్యుండాలి. అయినా సంచిలో పులిహోర ఉంటే అమ్మగారు ప్రశాంతంగా ఉంటారు.

గోదారోడు
నాన్నగారు చేప తింటారా? ఈ సరస్సు పేరు చెప్పగానే ఫెల్షెన్ అంటారు. 2024 జనవరి నుంచి మూడేళ్ళు దాన్ని పట్టడం ఆపేశారు, అంతగా తగ్గిపోయింది. ఆ కాలంలో మెనూలో ఉన్నదంటే వేరే చోటి నుంచి వచ్చిందన్నమాటే. గోదావరి మనిషికి ఇది తెలియాలి కదా.

ఓరుగల్లు_పోరడు
ఫోన్ల సంగతి జెప్తున్న. కాన్‌స్టాంజ్‌ల ఉన్నా స్విస్ టవర్ పట్టుకుంటది. ఈయూ రోమింగ్ల స్విట్జర్లాండ్ అన్ని ప్లాన్లకు కలవదు. ఒడ్డుకు పోంగనే డేటా రోమింగ్ బంద్ జెయ్యి. వీసా ఒక్కటే, షెంగెన్, కాని పాస్‌పోర్టులు జేబుల పెట్టుకోన్రి. శనివారం కాన్‌స్టాంజ్ దుకాన్లల్ల స్విస్ వాళ్ళే ఉంటరు, మన దగ్గర అగ్గువ కాబట్టి.

పడవల_పిచ్చి
ఓడల గురించి రెండు ముక్కలు. జర్మనీ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాస్) రీజనల్ రైలుకి చెల్లుతుంది, ఓడలకి విడిగా కొనాలి. ఒడ్డున నారింజ రంగు దీపాలు మిణుకుతుంటే చూడండి: నిమిషానికి 40 సార్లయితే గట్టి గాలి హెచ్చరిక, 90 అయితే తుఫాను. అప్పుడు అద్దె పడవ జోలికి పోవద్దు. పశ్చిమం నుంచి మబ్బు క్షణాల్లో వచ్చేస్తుంది.

మాస్టారికి ఇంకో సంగతి చెప్పండి. జిప్‌లింగెన్ దగ్గర 60 మీటర్ల లోతు నుంచి నీళ్ళు తోడి స్టుట్‌గార్ట్ దాకా పంపుతారు. మీ ఇంటి కుళాయిలో ఆయన తాగేది ఈ సరస్సు నీళ్ళే కావచ్చు.

నెక్కర్_గట్టు
అందరికీ థాంక్స్. శనివారం కారులో రైషెనావ్, కాన్‌స్టాంజ్. రాత్రి అక్కడే. ఆదివారం ఫెర్రీ ఎక్కి మేర్స్‌బుర్గ్. లిండావ్ ఇంకోసారి, అన్నా ఏమనుకోకు. ఉంటెరూల్‌డింగెన్‌లో నీళ్ళ మీద రాతియుగం గుడిసెలున్నాయట, దారిలోనే కదా, దిగొచ్చా?

గోదారోడు
దిగు. కానీ అవి తిరిగి కట్టినవని నాన్నగారికి ముందే చెప్పు, 1922 నుంచి నడుస్తున్న ప్రదర్శనశాల. అసలు గుంజలు నీటి అడుగు బురదలో ఉన్నాయి, యునెస్కో గుర్తింపు వాటికే. గుడిసెల మధ్య చెక్క వంతెనలే కాబట్టి అమ్మగారికీ ఇబ్బంది ఉండదు. పొద్దున్నే వెళ్ళు, బడిపిల్లల బస్సులొచ్చాయంటే వంతెన మీద నిలబడే చోటుండదు.

ఓరుగల్లు_పోరడు
ఆదివారం బడి పిల్లలేంది అన్నా 😄