విండోస్ 11 పక్కన ఉబుంటు: 512 జీబీ ల్యాప్‌టాప్‌లో ఎలా సర్దాలి?

నల్లకుంట_విద్యార్థి
ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, 512 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కు, 16 జీబీ ర్యామ్. పక్కన ఉబుంటు 24.04 లినక్స్ కావాలి. విండోస్ తీసే వీల్లేదు, ఇంట్లో అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్‌లతో చేసే తెలుగు డీటీపీ పనంతా దాని మీదే. ఉబుంటుకి ఎంత చోటు వదలాలి? సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ఓఎస్‌నే లేవనిచ్చే బయోస్ సెట్టింగ్) ఆపాలా? ఒకే డిస్కులో రెండూ పెట్టడం మంచిదా, ఇంకోటి కొనాలా? వైఫై పట్టకపోతే ఏం చెయ్యాలి? తెలుగు టైపింగ్ సంగతేంటి?

సర్వీస్_బెంచి
చోటు లెక్క తర్వాత చూద్దురు. ముందు బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకి వేసే ఎన్‌క్రిప్షన్ తాళం. ఏళ్లుగా నా పనే ఇది కాబట్టి గట్టిగా చెబుతున్నాను, డేటా పోయేది పార్టిషన్ కోసినప్పుడు కాదు, రికవరీ కీ లేనప్పుడు. విండోస్ 11 24హెచ్2ని కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, హార్డ్‌వేర్ అనుకూలిస్తే, డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. చాలామందికి అది ఆన్‌లో ఉన్నట్టే తెలీదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ మార్చగానే నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. ఆరేసి అంకెలు, ఎనిమిది గుంపులు. ఒక్క అంకె తేడా వచ్చినా తలుపు తెరుచుకోదు.

అందుకని ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ చూడు. ఆన్‌లో ఉంటే మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి కీ తీసి కాగితం మీద రాయి. అదే ల్యాప్‌టాప్‌లో ఫొటో తీసి దాచుకుంటే లాభం లేదు. పూర్తిగా ఆపేస్తే ఇంకా సులువు, కాకపోతే డీక్రిప్షన్ నూరు శాతం పూర్తయ్యేదాకా పార్టిషన్ జోలికి పోవద్దు.

పెంగ్విన్_040
కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, కొట్టేటప్పుడు అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే.

ఉబుంటు కనీసం 25 జీబీ అంటుంది. ఆ 25తో డాకరో ఆండ్రాయిడ్ స్టూడియోనో దించావంటే నెలలోపే డిస్కు నిండుతుంది. 100 జీబీ వదులు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్, అంకె ఎంబీల్లో అడుగుతుంది కాబట్టి 102400. వచ్చిన ఖాళీని అన్ అలొకేటెడ్‌గానే ఉంచు. చాలామంది అక్కడ కొత్త వాల్యూమ్ చేసి ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ కొడతారు, ఇన్‌స్టాలర్ కంటికి అది ఖాళీ చోటు కాదు.

ఫాస్ట్ స్టార్టప్ తప్పకుండా తీసెయ్యి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని హైబర్నేట్ చేసి పడుకుంటుంది. సీ డ్రైవ్ సగం తెరిచిన తలుపులా మిగిలిపోతుంది. లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తుంది, లేదంటే అసలు ఎక్కించదు. అడ్మిన్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్. హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి, హైబర్‌ఫిల్ ఫైలు తిన్న జీబీలు కూడా తిరిగొస్తాయి.

డీటీపీ_చిక్కడపల్లి
అందరూ డిస్కు గురించే చెబుతున్నారు, గడియారం మాట ఎవరూ ఎత్తలేదు. ఉబుంటులోంచి విండోస్‌కి వస్తే టైము అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. రాత్రి 8 అయితే మధ్యాహ్నం 2:30 చూపిస్తుంది. అర్ధరాత్రి దాటాక పని చేసేవాళ్లకి తేదీ కూడా మారిపోతుంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకి కంప్యూటర్ మార్చి 31 రాత్రి 8:30 అంటుంది. ఆ తేదీతో బిల్లు కొడితే పాత ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. ఇది చిన్న విషయం కాదు.

ఉప్పల్_రూట్
దానికి ఒక్క లైను సాల్తది అన్నా. ఉబుంటు టెర్మినల్ల టైమ్‌డేట్‌సీటీఎల్, స్పేస్, సెట్-లోకల్-ఆర్‌టీసీ, స్పేస్, 1. అయిపాయె. బోర్డు మీది గడియారాన్ని విండోస్ లోకల్ టైమనుకుంటది, లినక్స్ యూటీసీ (మనకన్న అయిదున్నర గంటలు ఎన్కుండే ప్రపంచ టైము) అనుకుంటది, గదే లొల్లి. ఈ లైనుతోని రెండూ లోకలే అనుకుంటయ్. విండోస్ రిజిస్ట్రీల చెయ్యి పెట్టుడు ఎందుకు?

పెంగ్విన్_040
ఆ లైను కొట్టాక టైమ్‌డేట్‌సీటీఎల్ అని ఉత్తగా ఇంకోసారి కొట్టి చూడండి. ఈ పద్ధతికి పూర్తి మద్దతు లేదని అదే హెచ్చరిస్తుంది. సరైన దారి విండోస్ వైపే ఉంది. రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, టైమ్ జోన్ ఇన్ఫర్మేషన్. అక్కడ రియల్ టైమ్ ఈజ్ యూనివర్సల్ అనే పేరుని స్పేసులు లేకుండా కలిపి రాసి, 32 బిట్ డీవర్డ్‌గా చేసి, విలువ 1 పెట్టాలి. రీస్టార్ట్ చేసి, టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కాలి.

ఉప్పల్_రూట్
ఆ హెచ్చరిక ఎందుకిస్తదో చదివినవా? టైమ్ జోన్ మారినప్పుడు, ఎండకాలం గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాలల్ల ఇబ్బంది అని. మనకాడ గడియారం జరుపుడే లేదు. హైదరాబాద్‌ల కూసోని వేరే దేశం హెచ్చరికకు భయపడుడేంది?

పెంగ్విన్_040
కారణం అదొక్కటే కాదు. లోకల్ పెట్టినప్పుడు ఉబుంటులో టైము సరిచేసే సిస్టమ్‌డీ టైమ్‌సింక్ బోర్డు గడియారాన్ని ముట్టుకోదు. యూటీసీలో ఉంటే, ఇంటర్నెట్ టైముతో కలిశాక, కెర్నల్ పదకొండు నిమిషాలకోసారి ఆ గడియారాన్ని సరిచేస్తూ ఉంటుంది. లోకల్‌లో ఆ దిద్దుబాటు ఆగిపోతుంది. నెలంతా ఉబుంటులోనే ఉండేవాడికి బోర్డు గడియారం మెల్లగా జారుతుంటే అడిగే దిక్కు ఉండదు. హెచ్చరిక సగమే చదివి ఇంకొకరికి చెప్పకండి.

ఉప్పల్_రూట్
సగం చదివింది ఎవరో జర సూడు. ప్రశ్న అడిగినాయన విండోస్‌ల పేజ్‌మేకర్ నడుపుతున్నడు, విండోస్‌కు రోజూ వస్తడు. వచ్చినప్పుడల్లా విండోస్ దిద్దుకుంటది. నెలంతా లినక్స్‌లుండే మనిషి ముచ్చట ఈడికెందుకు? ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే రిజిస్ట్రీ ముట్టనియ్యరు సుత. నీకు తెల్సిన దారొక్కటే దారి అనుకోకు.

సర్వీస్_బెంచి
ఇద్దరి మాటా పని చేస్తుంది. అసలు గండం మూడోది, రెండూ చెయ్యడం. ఎవరో చెప్పారని ఉబుంటులో ఆ లైను కొడతారు, ఇంకెవరో చెప్పారని విండోస్‌లో రిజిస్ట్రీ మారుస్తారు. అప్పుడు విండోస్ యూటీసీ రాస్తుంది, లినక్స్ దాన్ని లోకల్ అని చదువుతుంది, ఈసారి ఉబుంటు అయిదున్నర గంటలు వెనకబడుతుంది. ఒక్కటే చెయ్యండి. రెండూ అప్పటికే చేసి ఉంటే, చివరి 1 స్థానంలో 0 పెట్టి ఆ ఉబుంటు లైను మళ్లీ కొట్టండి.

తేడా సరిగ్గా అయిదున్నర గంటలు కాకుండా, స్విచ్ ఆపిన ప్రతిసారీ పాత సంవత్సరానికి పోతుంటే దానికీ రెండు ఓఎస్‌లకీ సంబంధం లేదు, అది బ్యాటరీ. డెస్క్‌టాప్ బోర్డుల్లో చాలావరకు సీఆర్ 2032 బిళ్ల, 3 వోల్టులది.

డీటీపీ_చిక్కడపల్లి
మరి బిల్లులు కొట్టే మిషన్‌కి ఏది చెయ్యాలి? ఒక్క మాట చెప్పండి.

పెంగ్విన్_040
రిజిస్ట్రీ.

ఉప్పల్_రూట్
ఉబుంటు లైను.

మోడరేటర్
గడియారం ఇక్కడితో చాలు. ఇద్దరూ కారణాలతో సహా చెప్పారు, చదివేవాళ్లు ఎంచుకుంటారు. డిస్కు, సెక్యూర్ బూట్, తెలుగు, వైఫై ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

ఈసీఐఎల్_చౌరస్తా
ఇంటెల్ 11వ తరం, ఆ పైది అయితే ఇంకో అడ్డు ఉంది. ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనపడకపోవచ్చు, లేదా ఆర్‌ఎస్‌టీ ఆపమని ఆగిపోవచ్చు. బయోస్‌లో వీఎండీ (ఆర్‌ఎస్‌టీ లాగే డిస్కుని నడిపే ఇంటెల్ పద్ధతి) ఆన్‌లో ఉండటమే కారణం. నేరుగా పోయి వీఎండీ ఆపేస్తే లినక్స్‌కి డిస్కు కనపడుతుంది కానీ విండోస్ లేవదు, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం తెర. విండోస్ మొదటి అడుగులో లోడ్ చేసే డ్రైవర్ పాత పద్ధతిదే అయి ఉంటుంది.

దీనికి వరస ఉంది. విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ మినిమల్ టిక్ పెట్టు. రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌కి పో, వీఎండీ ఆపు, సేవ్ చెయ్యి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి కొత్త డ్రైవర్ పట్టుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్ తీసి రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ పని చెయ్యకపోవచ్చు, ఖాతా అసలు పాస్‌వర్డ్ ముందే గుర్తు చేసుకో. బిట్‌లాకర్ కీ లేకుండా ఈ పని మొదలు పెట్టొద్దు.

కూకట్‌పల్లి_కోడ్
డిస్కు విషయం. రెండో ఎం.2 స్లాట్ ఉంటే రెండో ఎస్ఎస్‌డీనే నయం. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పోయే ముందు స్లాట్ ఎన్‌వీఎంఈదా, ఉత్త సాటాదా మాన్యువల్‌లో చూసుకో. రెండూ ఎం.2 ఆకారమే, గాట్లు చూసి కొనేస్తే మోసపోతావు.

రెండు డిస్కులు ఉన్నా ఒక చిక్కు. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్, రెండో డిస్కు ఎంచుకున్నా, బూట్‌లోడర్‌ని (ఓఎస్‌ని లేపే ప్రోగ్రాముని) మొదటి డిస్కులోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే, అంటే బూట్ ఫైళ్లుండే చిన్న భాగంలోనే, పెట్టేది. తర్వాత విండోస్ డిస్కు పీకితే ఉబుంటు లేవదు. ఇన్‌స్టాల్ చేసేంతసేపు మొదటి డిస్కుని ఊడదీయడమో బయోస్‌లో ఆపడమో చేస్తే ఏ గొడవా ఉండదు.

నల్లకుంట_విద్యార్థి
ఒకే స్లాట్ ఉంది. ఈఎఫ్ఐ పార్టిషన్ 100 ఎంబీ చూపిస్తోంది, సరిపోతుందా?

పెంగ్విన్_040
ఉబుంటుకి సరిపోతుంది. గ్రబ్ (ఏ ఓఎస్ లేపాలో అడిగే బూట్‌లోడర్), షిమ్ (దాన్ని లేపే చిన్న ఫైలు) కలిపి కొన్ని ఎంబీలే అక్కడ పడతాయి, కెర్నళ్లు ఉబుంటు సొంత ఎక్స్‌ట్4 పార్టిషన్ వైపే ఉంటాయి. పాప్ ఓఎస్ లాంటిది పెడితే కెర్నళ్లే వచ్చి ఈఎఫ్ఐలో కూర్చుంటాయి, అప్పుడు 100 చాలదు. చాలా ముఖ్యం, ఆ పార్టిషన్‌ని ఫార్మాట్ చెయ్యకు. మాన్యువల్‌గా చేసేటప్పుడు దాని ఎదురుగా ఫార్మాట్ టిక్ పడితే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి.

ఉప్పల్_రూట్
గ్రబ్ మెనూల విండోస్ కనపడకుంటే బుగులు పడొద్దు. గ్రబ్ 2.06 కాడికెళ్లి వేరే ఓఎస్‌లను ఎతికే పని ఆపి పెట్టిన్రు. స్లాష్ ఈటీసీ స్లాష్ డీఫాల్ట్ స్లాష్ గ్రబ్ అనే ఫైల్ల గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అని పెద్దక్షరాలల్ల, నడుమ అండర్‌స్కోర్లతోని రాసి, ఈక్వల్ టు ఫాల్స్ పెట్టు. ఎన్క సుడో అప్‌డేట్-గ్రబ్.

సర్వీస్_బెంచి
సెక్యూర్ బూట్ ఆపాల్సిన పని లేదు. ఉబుంటు షిమ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. ఎన్‌విడియా డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, రీస్టార్ట్ కాగానే నీలం తెర మీద ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే కొట్టాలి. కంటిన్యూ నొక్కి దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

ఈసీఐఎల్_చౌరస్తా
2024 ఆగస్టు సంగతి మరిచారా? ఆ నెల విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లని నిరాకరించే జాబితా రాసింది. రెండు ఓఎస్‌లు ఉన్న మిషన్లకి అది వెయ్యబోమన్నారు, అయినా చాలావాటికి పడింది. షిమ్ ఎస్‌బ్యాట్ తనిఖీ విఫలం, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని చెప్పి మిషన్ ఆగిపోయేది. అందుకే పాత పెన్‌డ్రైవ్‌లోని ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) వాడకండి, కొత్తది దించుకోండి. ఇప్పటికీ ఆ మాట వస్తే సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, ఉబుంటులోకి పోయి సుడో మోక్‌యుటిల్ కమాండ్‌కి రెండు డ్యాష్‌లు పెట్టి సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ, స్పేస్, డిలీట్. ఒకసారి మళ్లీ ఉబుంటులోకే బూట్ చేసి, ఆ తర్వాత సెక్యూర్ బూట్ ఆన్.

డీటీపీ_చిక్కడపల్లి
తెలుగు గురించి నేను చెబుతాను. అను ఫాంట్లు యూనికోడ్ కావు, తెలుగు ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంట్లలో కొట్టింది ఉబుంటులో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ తప్ప ఏమీ కనపడవు. ఆ పని విండోస్‌లోనే ఉంచండి. 2001 నాటి పేజ్‌మేకర్ 7కి యూనికోడ్ తెలీదు కూడా.

ఉబుంటులో ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్, తెలుగు. అక్కడ ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ అనే కీబోర్డు అమరికలన్నీ ఉంటాయి. అనులో యాపిల్ కీబోర్డుకి అలవాటైన చేతికి ఆ యాపిల్ దగ్గరగా ఉంటుంది.

కూకట్‌పల్లి_కోడ్
కొత్తగా నేర్చుకునేవాళ్లకి యాపిల్ ఎందుకండీ, ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి. ఒక్కసారి వస్తే హిందీ, కన్నడం అన్నిటికీ అదే అమరిక.

డీటీపీ_చిక్కడపల్లి
రోజుకి పది గంటలు యాపిల్‌లో కొట్టే చేతిని ఇన్‌స్క్రిప్ట్‌కి మార్చమనడం సులువే, మార్చుకునేవాళ్లకి తెలుస్తుంది. అడిగిన ఇంట్లో అను నడుస్తోంది. అందుకే అది చెప్పాను.

నల్లకుంట_విద్యార్థి
ఇప్పుడే ష్రింక్ తెరిచాను. సీలో 290 జీబీ ఖాళీ ఉన్నా 41,000 ఎంబీ కంటే ఇవ్వనంటోంది. వైఫై గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పెంగ్విన్_040
డ్రైవ్ మధ్యలో కదలని ఫైలు ఏదో కూర్చుంది. పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్, రిస్టోర్ పాయింట్లు, ఎంఎఫ్‌టీ (డ్రైవ్‌లోని ఫైళ్ల పట్టిక), వీటిని విండోస్ జరపదు. హైబర్నేషన్ పోయింది కదా. ఇప్పుడు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపు, వర్చువల్ మెమొరీలో నో పేజింగ్ ఫైల్ పెట్టు, రీస్టార్ట్ చేసి మళ్లీ ష్రింక్ చూడు. 102400 ఇచ్చాక రెండూ తిరిగి ఆన్ చెయ్యి, పేజ్‌ఫైల్ మరిచిపోవద్దు. అప్పటికీ ఇవ్వకపోతే అడ్డం ఎంఎఫ్‌టీ. అప్పుడు లైవ్ యూఎస్‌బీలో జీపార్టెడ్‌తో కొయ్యాలి. బిట్‌లాకర్ ఆపి, ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే. కరెంటు పోయే వేళ మొదలెట్టకు.

ఈసీఐఎల్_చౌరస్తా
వైఫై: ఇన్‌స్టాల్ చేసే ముందే ట్రై ఉబుంటు అని లైవ్‌లో లేపి చూడు, అక్కడ పడితే తర్వాతా పడుతుంది. పడకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, ఉబుంటు దాన్ని తీగ కనెక్షన్‌లా పట్టుకుంటుంది. ఆ నెట్‌తో అడిషనల్ డ్రైవర్స్ తెరువు. బ్రాడ్‌కామ్ అయితే అక్కడే దొరుకుతుంది, సెక్యూర్ బూట్ ఉంటే ఆ ఎన్‌రోల్ మోక్ తెర మళ్లీ వస్తుంది. ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టి నెట్‌వర్క్ కంట్రోలర్ లైను ఇక్కడ పెట్టు, ఏ చిప్పో చూసి చెబుతాను.