కూచిపూడి బడికి ప్రభుత్వ గ్రాంటు: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది. బేస్‌మెంట్లో పదకొండు మంది పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నాను. నాన్‌ప్రాఫిట్ పెట్టి, కళలకి గ్రాంట్లిచ్చే ఫెడరల్ ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్‌కి అప్లై చెయ్యమంటున్నారు. తెలిసినవాళ్లు దారి చూపించండి.

——

అమ్మా, ఎండోమెంట్ సంగతి కొన్నేళ్లు పక్కన పెట్టండి. దానికి 501(సీ)(3) హోదా, అంటే పన్ను మినహాయింపు ఉన్న నాన్‌ప్రాఫిట్‌గా గుర్తింపు కావాలి, కొన్నేళ్లుగా కార్యక్రమాలు చేసినట్టు చూపాలి, మామూలుగా వాళ్లిచ్చే ప్రతి డాలరుకీ మీవైపు నుంచి ఇంకో డాలరు ఉండాలి. కానీ వాళ్ల గ్రాంటు డబ్బులో 40 శాతం రాష్ట్రాల ఆర్ట్స్ సంస్థలకీ, ప్రాంతీయ సంస్థలకీ వెళ్తుంది. చాలా రాష్ట్రాల్లో అక్కణ్ణించి కొంత కౌంటీ ఆర్ట్స్ కౌన్సిళ్ల దాకా దిగుతుంది. మీరు ముందు తట్టాల్సిన తలుపు అదే.

అక్కడ మా మొదటి అప్లికేషన్ తిరిగొచ్చింది. సిద్ధేంద్ర యోగి, భామాకలాపం, తరంగం అంటూ మూడు పేజీలు ప్రేమగా రాశాం. ఎవరికి నేర్పుతాం, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది రెండు వాక్యాల్లో తేల్చేశాం. మరుసటి ఏడు గ్రాంటు లేకుండానే లైబ్రరీలో ఆరు శనివారాలు ఉచితంగా క్లాసులు పెట్టాం, ఎవరైనా రావచ్చన్నాం. ఆఖరి రోజు ఇత్తడి పళ్లెం నేల మీద పెట్టి, దాని అంచుల మీద పాదాలు ఎలా నిలుపుతారో చూపిస్తే, భాష రాని పిల్లలు కూడా బోర్లా పడుకుని మరీ చూశారు. లైబ్రేరియన్ తలుపు దగ్గర చేతి క్లిక్కర్‌తో లెక్కపెట్టింది: 43 మంది. తర్వాతి అప్లికేషన్‌లో ఆ లెక్కే ముందు పెట్టాం. గ్రాంటు వచ్చింది.

అరంగేట్రం ఖర్చు, విందు, పూజ బడ్జెట్‌లో కలపకండి. నట్టువాంగానికీ, మృదంగానికీ మాత్రం సరైన పారితోషికం రాయండి. కళాకారులకి డబ్బివ్వడం అప్లికేషన్లు చూసే ప్యానెల్ తప్పుపట్టదు, ఇవ్వకపోతేనే అడుగుతుంది. ఇంకోటి, చాలాచోట్ల ముందు మీరు ఖర్చుపెట్టి రసీదులు చూపితేనే డబ్బు చేతికొస్తుంది. చేతిలో కొంత ఉంచుకుని దిగండి.

——

పైన చెప్పినదానికి తోడు. హోదా వచ్చేదాకా ఆగక్కర్లేదు, చాలా కౌన్సిళ్లు ఫిస్కల్ స్పాన్సర్‌ని, అంటే మీ తరఫున గ్రాంటు తీసుకుని లెక్కలు చూసే హోదా ఉన్న ఇంకో సంస్థని, ఒప్పుకుంటాయి. ఏడాదికి 50,000 డాలర్లు దాటని చిన్న సంస్థకి హోదా కోసం పన్నుల శాఖ (ఐఆర్‌ఎస్)కి పెట్టే 1023-ఈజీ ఫారం చాలు, ఫీజు 275 డాలర్లు. హోదా వచ్చాక ఏటా ఐఆర్‌ఎస్‌కి పంపాల్సిన చిన్న నోటీసు, 990-ఎన్, మర్చిపోకండి. వరసగా మూడేళ్లు వెయ్యకపోతే హోదా దానంతటదే పోతుంది. మేం బాగా ఎరిగిన ఒక బడికి అలాగే పోయింది. పిల్లల కార్యక్రమం వారంలో ఉందనగా తెలిసింది.

——

మీ వీసా ఏదో రాయలేదమ్మా. హెచ్-4 (హెచ్-1బీ లాంటి వీసా మీద పనిచేసేవాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) అయి, ఈఏడీ (పనిచేసే అనుమతి కార్డు) లేకపోతే, ఫీజు తీసుకుని నేర్పడం కూడా పని కిందికే వస్తుంది. ఏ ఫారం ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. అది తేలాక మీ కౌంటీ ఆర్ట్స్ కౌన్సిల్‌కి ఫోన్ చెయ్యండి. గ్రాంట్లు చూసే ఆఫీసర్ ఒకరుంటారు, అప్లికేషన్ డ్రాఫ్ట్ చదివి పెడతారా అని మొహమాటపడకుండా అడగండి.